నాక్కూడా గారి సుగరు

ఎవరికి ఏ జబ్బు చేసినా ఆయనకీ ఉంటుంది. ఎదుటివాళ్లు "మోకాలు నొప్పి" అనడమే ఆలస్యం, ఆయన "నాక్కూడా!" అని మోకాలు పట్టుకుంటారు. కుడిదా ఎడమదా అన్నది ఎదుటివారిని బట్టి మారుతుంది. తాళాల ఫ్యాక్టరీలో ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. అక్కడ ఆయన నాక్కూడా గారు.

ఒకసారి నెలలు నిండిన పక్కింటి కోడలు "పొట్టలో ఒకటే తన్నులు పిన్నిగారూ" అని ఆయన భార్యతో చెప్పుకుంటోంది. వరండాలోంచి వినబడింది, "నాక్కూడానమ్మా!" అని. భార్య వారం రోజులు పక్కింటి గుమ్మం తొక్కలేదు.

యాభై మూడేళ్లకే ఉద్యోగం మానేసిందీ ఈ మాట వల్లే. పక్క టేబుల్ గుమాస్తా చూపు మందగించి, ముందే రిటైరవుతానని కాగితం రాసి, సంతకానికి చెయ్యి రాక బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. "నాక్కూడా మసకేనోయ్" అని ఈయన ఇంకో కాగితం రాసి ముందు సంతకం పెట్టేశారు. ఇంటికొచ్చి కళ్లజోడు లేకుండా పేపరంతా చదివారు.

జీతంతో పాటు కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోయింది. భార్య గుండెల్లో రాయి పడింది. ఆవిడకి పన్నెండేళ్లుగా సుగరు. ఆయనకీ, వేరే చెప్పాలా, పన్నెండేళ్లుగానే.

"దంపతుల్లో ఒకరికి సుగరుంటే ఫర్వాలేదమ్మా. ఇద్దరికీ ఉంటే మా కంపెనీ పాలసీ ఇవ్వదు. ఒకరికైనా తగ్గిందేమో పరీక్షల్లో తేలాలి" అన్నాడు బీమా ఏజెంటు. ఆ పైన పొట్ట నిమురుకుంటూ "ఈ తిరుగుడుకి నాకు గ్యాసు..." అన్నాడు.

"నాక్కూడా!"

"ఏమండీ, మీరు లోపలికెళ్లండి!"

పరీక్షల రోజు ఆవిడ దారిపొడుగునా నూరిపోసింది. "అబద్ధం ఆడమనట్లేదు. ఉన్న సుగరు చెప్పండి చాలు. కొత్తవి అంటించుకోకండి." ఆయన బుద్ధిగా తలూపారు. ఆస్పత్రి బెంచీ మీద అరగంట కూర్చునేసరికి రెండు ఆయాసాలూ, ఒక మెడనొప్పీ వచ్చేశాయి. పక్కనున్న పెద్దాయన చెవులు వినబడవంటే, "నాక్కూడా!" అని ఆయన చెవిలో అరిచారు.

చివరికి డాక్టరు రిపోర్టులు తిరగేసి ముఖం చిట్లించాడు. "సుగరని రాశారేంటి? ఈయనకి ఏ జబ్బూ లేదు."

"అయ్యో, పన్నెండేళ్లుగా ఉందండీ! నాకు ఎంతొస్తే ఆయనకీ అంతే వస్తుంది. ఒక్క అంకె తేడా ఉండదు."

డాక్టరు ఆయన వంక చూశాడు. ఆయన ఫ్యాను వంక చూశారు.

"మరి రోజూ వేసుకునే మాత్రలేంటండీ?" అంది ఆవిడ.

"బలానికి" అన్నారాయన, నేరం ఒప్పుకుంటున్నట్టు. "సుగరని తెలిసిన రోజు నా కాఫీలో చక్కెర వేస్తూ ఏడ్చావు కదే. చూడలేక అనేశాను. అన్నాక వెనక్కి తీసుకుంటే బాగుండదు కదా!"

ఆవిడకి కోపం ముంచుకొచ్చింది. దాని వెనకాలే ఆయన మీద ఎక్కడలేని ప్రేమా ముంచుకొచ్చింది. ఏది ముందు చూపించాలో తెలియక ముక్కు తుడుచుకుంది.

"ఇక పాలసీకి అడ్డులేదు" అని డాక్టరు ముద్ర వేశాడు. "పొద్దుట్నుంచీ ఈ ముద్రలు కొట్టీ కొట్టీ నా భుజం..."

ఆయన నోరు తెరిచేలోపే ఆవిడ చేత్తో మూసేసింది. "ఈయన భుజాలు బాగానే ఉన్నాయి డాక్టరుగారూ!"

బయట కాఫీ కొట్టు దగ్గర ఆవిడ "ఒకదాంట్లో చక్కెర బాగా వెయ్యి బాబూ" అంది. ఆయన అడ్డుపడి రెండూ చక్కెర లేకుండానే చెప్పారు. ఒక్క గుక్క తాగి ఆవిడ నిట్టూర్చింది.

"నిజం చెప్పనా? ఈ చప్పిడి కాఫీ నాకు ఒక్కరోజు కూడా నచ్చలేదండీ."

"నాక్కూడా" అన్నారాయన.

ఇన్నేళ్లలో ఆ మాట నిజంగా అన్నది ఇదే మొదటిసారి. అని, గ్లాసు అడుగుదాకా తాగేశారు.