అరుగు మీద జూరీ

వానాకాలం బస్సులో తడిసిన నల్లకోటు వాసన ముక్కుకి తగిలిందంటే చాలు, నర్సీపట్నంలో మా ఇల్లూ, కోర్టు నుంచి వచ్చి వసారాలో కోటు ఆరేసుకునే నాన్నా, ఆయన్ని వాలుకుర్చీలోంచి ఓరకంట చూసే తాతా ఒక్కసారే గుర్తుకొస్తారు. తాతకి అందరి మీదా అనుమానమే. పాలలో నీళ్ళనీ, పాస్టరుగారి ప్రసంగంలో పాత ముక్కల్నీ, వేసవిలో రోలుగుంట నుంచి జీడిపళ్ళ బుట్టలతో వచ్చేవాళ్ళ తూకాన్నీ, ఆఖరికి నేనాడే గచ్చకాయల ఆటనీ అనుమానించేవాడు. అయితే వకీళ్ళని అనుమానించినంతగా ఇంకెవరినీ అనుమానించలేదు, కొడుకు వకీలైనా సరే.

వయసులో ఉన్నప్పుడు ఆయన విశాఖపట్నం సెషన్స్ కోర్టులో జూరీలో కూర్చున్నాడు. నేరం చేశాడో లేదో జడ్జి ఒక్కడే కాకుండా మామూలు మనుషులు కొందరు విని తేల్చే ఆ పద్ధతిని నాకు ఊహ తెలిసేసరికే ఎత్తేశారు. తాత మాత్రం ఒప్పుకోలేదు. శనివారం సాయంత్రాలు అమ్మ వేయించిన జీడిపప్పు పళ్ళెం మధ్యలో పెట్టి, టైలరునీ, డ్రిల్లు మాస్టారునీ, ఇంకొందరు ఇరుగుపొరుగునీ మా అరుగు మీద కూర్చోబెట్టి, కోర్టులో నడుస్తున్న కేసుల్ని మళ్ళీ విచారించేవాడు. "మనిసి బతుకు ఒక్కడి సేతిలో పెడతారేట్రా" అని ఆయన బాధ.

ఆ ఏడు అప్పలనాయుడి కేసు వచ్చింది. పక్కవాడి చెరుకుతోట తగలబెట్టాడని నేరం మోపారు. బెయిలు రాక జైల్లో ఉన్నాడు. నాన్న అతని తరఫు. తెల్లవారుజామున తోటలోంచి ఎవరో వెళ్ళిపోతుంటే చూశానని కల్లు గీసే అతనొకడు సాక్ష్యం చెప్పాడు గానీ, ఎవరన్నది చెప్పలేదు. నాన్న లేచి, తాను అడిగేదేమీ లేదని కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎప్పట్లాగే ప్రభుత్వ వకీలుతో కలిసి ఒకే కేరేజీ విప్పాడు. అది చూసిన అప్పలనాయుడి భార్య రమణమ్మ శనివారం నేరుగా మా అరుగు దగ్గరికొచ్చింది.

"పొద్దున్న దెబ్బలాడుకుంతారు, మద్దేనం ఒక్క కేరేజీలో తింతారు. సాచ్చిని ఒక్క మాటడగనేదు. మా మనిసిని ఈళ్ళిద్దరూ కలిసి అమ్మీనేదని ఎలా నమ్మీది, బాబూ?"

తాత వరసగా అందరినీ అడిగాడు. టైలరు తల ఊపాడు, డ్రిల్లు మాస్టారు నిట్టూర్చాడు, అందరిదీ ఒకే మాట. "వకీలుని మార్సీయమ్మా, బేగి మార్సీ" అన్నాడు తాత. గుమ్మానికి వేసిన కర్టెను అవతల నాన్న అన్నం తింటున్నాడు. సోమవారం ఆమె అడగ్గానే కేసు వదులుకుంటున్నట్టు కాగితాల మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు.

కొత్త వకీలు బల్ల గుద్ది మాట్లాడతాడని టైలరు రోజూ వచ్చి మురిసిపోతూ చెప్పేవాడు. ఆ వకీలు కల్లు గీసే అతన్ని మళ్ళీ పిలిపించి, అంత మసక వెలుతుర్లో నీకేం కనిపించిందని గద్దించాడట. అతను నెమ్మదిగా, "మొకం సూడనేదు బాబూ, నడక సూసేను. ఎడం కాలు ఈడిసి నడిసీది మా ఊర్లో అప్పలనాయుడొక్కడే కదండీ" అన్నాడట.

శిక్ష పడింది. ఆ సాయంత్రం రమణమ్మ లోపలికి రాకుండా మా గేటు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఆమెను చూస్తే నాకు ఏడుపొచ్చింది. అప్పలనాయుడు నిజంగా తగలబెట్టాడో లేదో నాకు ఈనాటికీ తెలీదు. అడగకుండా ఉండడం కూడా వకీలు పనేనని మాత్రం తెలిసింది.

నాన్న కాళ్ళు కడుక్కుంటుంటే తాత కుర్చీలోంచి లేవకుండానే, "ఒక్క మాట మాతో సెప్పొచ్చు కదరా" అన్నాడు.

"మీ జూరీ నన్ను పిలవలేదు కదా నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయాడు నాన్న.

తాత తర్వాతెప్పుడూ అరుగు మీద ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఇప్పుడా అరుగు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. కుర్రాళ్ళు నిలబడి, ఫోనులో ఎవరి మొహమో చూసి, టీ చల్లారేలోగా తీర్పులిచ్చేస్తుంటారు. కోర్టుల్లో జూరీ మళ్ళీ రావాలనే నేనూ అంటాను, నాకూ ఒక్క జడ్జి మీద నమ్మకం తక్కువే. కానీ అన్న ప్రతిసారీ ఒక అనుమానం పట్టుకుంటుంది. నన్నే తీసుకెళ్ళి ఆ జూరీలో కూర్చోబెడితే, కర్టెను అవతల మనిషిని నేనైనా పిలుస్తానా అని.