సగానికి తెచ్చిన కుక్క

ఆగమ్మకు ఈ లోకంలో పూర్తిగా తనదంటూ ఏదీ ఉండేది కాదు. ఇస్నాపూర్‌లో ఆమె ఉండే పెంకుటిల్లు సగం ఆమెది, సగం మరిదిది. మధ్యలో తడిక. కొట్టంలో బర్రెలు సగం ఆమెవి, మేకలు సగం ఆమెవి. కట్టుకున్నవాడు కూడా జిన్నారంలో ఇంకో సంసారం పెట్టి, అక్కడే కన్నుమూశాడు. "మొగడు గూడ సగం పాలే టీచరమ్మా" అని తనే చెప్పి తనే నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు, ఒళ్లు మండేది.

నా పేరు జయశీల. ఆ ఊరి ప్రైమరీ స్కూల్లో టీచర్ని. ఆగమ్మ ఇంటిని ఆనుకుని ఉన్న గదిలో కిరాయికి ఉండేదాన్ని. పటాన్‌చెరు చుట్టుపక్కల జొన్నచేలల్లో ఒక్కొక్క కార్ఖానా లేస్తున్న రోజులవి, డెబ్బై ఐదు, డెబ్బై ఆరు ప్రాంతం.

ఆగమ్మ బతుకుదెరువు పశువుల్ని సగం పాలుకు పెంచడం. ఎవరింట్లోనో బక్కచిక్కిన దూడ ఒకటి ఉంటుంది, దాన్ని సాకే ఓపిక వాళ్లకు ఉండదు. తెచ్చి ఆగమ్మకు అప్పగిస్తారు. ఆమె మేపి, మందు పోసి, నిలబెడుతుంది. పెద్దదయ్యాక అందులో సగం ఆమె పాలు, సగం వాళ్ల పాలు. బర్రె ఈనితే ఒక దూడ ఆమెకు, తర్వాతిది వాళ్లకు. బతకదని వదిలేసుకున్న జీవం ఏదున్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆగమ్మ గడపకే తోలుకొచ్చేవాళ్లు.

ఆమెకు రెండు పట్టింపులుండేవి. ఏ జీవానికీ పేరు పెట్టేది కాదు. "పోయేదానికి పేరెందుకు?" అనేది. రెండోది తాడు. సొంతదారు పశువును తోలుకుపోయే రోజు కొత్త తాడు వాళ్లే తెచ్చుకోవాలి. తను కట్టిన తాడు విప్పి కొట్టం దూలానికి తగిలించుకునేది. ఆ దూలం నిండా తాళ్లు వేలాడుతుండేవి. ఏ పశువు వెళ్లిపోయినా ఆమె కంట తడి పెట్టడం నేను చూడలేదు.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి ఇంకా చీర మార్చుకోనే లేదు, అంజయ్య వచ్చాడు. రోడ్డవతల ఉన్న కార్ఖానా మేనేజర్ బంగళాకు అతను వాచ్‌మన్.

"అక్కా, ఒక జీవం ఉన్నది. సూది ఏపిచ్చి సంపమన్నడు సాబ్. నాకు చేతులొస్తలేవు. నువ్వు జెర ఒచ్చి సూడు" అన్నాడు.

"ఆవా, బర్రెనా?" అంది ఆగమ్మ.

"కుక్క."

కుక్కలంటే నాకు భయం. భయమని ఒప్పుకోలేక అసహ్యమని చెప్పుకునేదాన్ని. అయినా వాళ్ల వెంట నడిచాను. ఆగమ్మ ఇంకో తెలివితక్కువ బేరం చేసుకుంటుందేమోనని నా కంగారు.

బంగళా వెనక ఇనుప గుంజకు గొలుసుతో కట్టేసి ఉంది. ముందు దూడే అనుకున్నాను. గ్రేట్ డేన్ అని సీమజాతి కుక్కట. నిలబడితే మనిషి నడుము దాటి ఉండాల్సింది, నేల మీద బొంతలా పడి ఉంది. గజ్జి పట్టి వెంట్రుకలు రాలిపోయాయి. తుంటి ఎముకలు తోలును పొడుచుకొస్తున్నాయి. గొలుసు ఒరుసుకున్న చోట మెడ చుట్టూ పుండు, దాని మీద ఈగలు. గుంజ చుట్టూ గొలుసు అందినంత మేర గడ్డిపోచ లేదు, దానవతల పచ్చగా మోకాలెత్తు గడ్డి. మమ్మల్ని చూసి లేవబోయింది. ముందుకాళ్లు లేచాయి, వెనకకాళ్లు రాలేదు. కూలబడిపోయి, తోకను ఒక్కసారి నేలకేసి కొట్టింది. నేను అంజయ్య వెనక్కి జరిగాను. ఆగమ్మ దాని పక్కన కూర్చుని కొంగుతో ఈగలు తోలడం మొదలుపెట్టింది.

మేనేజర్ కాశీనాథ్ బయటికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. రాత్రీ పగలూ కార్ఖానాలోనే ఉండే మనిషి. కుక్క ఆయన భార్య అరుణాదేవిది. ఆమె పురుటికని బొంబాయి వెళ్లి, బిడ్డ ఆరోగ్యం బాగాలేక ఏడాది దాటినా రాలేదు. వంటవాడు మిగిలిందేదో విసిరేసేవాడు, కట్టేసిన కుక్కను విప్పే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆయన కుక్క వైపు చూడకుండానే, "తీస్కోపో. పూరా నువ్వే తీస్కో" అన్నాడు.

"పూరా ఒద్దు సాబ్. సగానికి ఇయ్యి" అంది ఆగమ్మ.

అంజయ్య ఆ మాటను హిందీలో విప్పి చెప్పాడు. ఆయనకు నవ్వొచ్చింది. "ఆధా కుత్తా? ఠీక్ హై. ఆధా నీది, ఆధా నాది" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఎడ్లబండిలో కుక్కను వేసుకుని వస్తుంటే నేను ఊరుకోలేకపోయాను. "సచ్చే కుక్కల సగమేంది ఆగమ్మా? అంతా ఇస్తనంటే ఒద్దంటరా ఎవరన్న?"

"అంతా ఇచ్చిండంటే పారేసినట్టే టీచరమ్మా. సగం నాదున్నదనుకుంటె ఎన్నడన్న యాదికొస్తది. ఏ జీవానికైనా రెండు గడపలుండాలె" అంది.

మెడ నుంచి తీసిన గొలుసు కూడా బండిలోనే వచ్చింది. దాన్ని దూలానికి తగిలించలేదు. "అది నేను కట్టింది కాదు" అని కొట్టం మూలకు పడేసింది. ఆ రోజు నుంచి కుక్కను దేనికీ కట్టలేదు.

కుక్కల సంగతి ఆగమ్మకు ఏమీ తెలియదు. బర్రెకు పెట్టినట్టే తొట్టెలో కుడితి పెట్టింది. తవుడూ గంజీ కలిపిన ఆ కుడితిని ఆకలి మీదున్న కుక్క తొట్టె నాకేదాకా తాగింది. పొద్దుగూకే వేళకు కడుపు డోలులా ఉబ్బి, కళ్లు తేలేసింది. అంజయ్య సైకిలెక్కి పటాన్‌చెరు పరుగెత్తాడు. పశువుల డాక్టరు స్కూటరు మీద వచ్చి, గొంతులోకి గొట్టం దించి గాలి తీశాడు. ఆ వాసనకు వాడకట్టు అంతా ముక్కులు మూసుకుంది. ఆగమ్మ మాత్రం, "నా చేతులతోని నేనే సంపుకుంటుంటి" అని తల బాదుకుంది.

"ఇది బర్రె కాదమ్మా. కొంచెం కొంచెం, రోజుకు నాలుగు మాట్లు పెట్టు" అన్నాడు డాక్టరు. ఆయన మంచివాడు. తర్వాత కూడా ఇటు వచ్చినప్పుడల్లా ఆగేవాడు. ఆయనిచ్చిన గంధకం మందును ఆగమ్మ కానుగ నూనెలో కలిపి ఒళ్లంతా రాసేది. మెడ పుండును వేపాకు నీళ్లతో కడిగేది. కటికవాళ్ల ఇంటికి పిడకలు మోసి, బదులుగా బొక్కలు తెచ్చి పులుసు కాచేది. తను తినేది మాత్రం జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం.

వెనకకాళ్ల ఎముకలు బాగానే ఉన్నాయనీ, కట్టేసి ఉంచినందువల్ల కండ కరిగిపోయిందనీ డాక్టరు అన్నాడు. మళ్లీ లేస్తుందో లేదో చెప్పలేనన్నాడు. నీళ్లలో నడిపిస్తే బరువు తెలియదు, చేసి చూడమన్నాడు. ఇక రోజూ పొద్దున్నే చెరువు. కడుపు కింద గోనెపట్టా వేసి, రెండు వైపులా ఇద్దరు ఎత్తిపట్టుకోవాలి. ఒక కొస ఆగమ్మది. రెండో కొస ఎవరిది? తడిక అవతల మరిది కుక్కనా అని ఉమ్మేశాడు. అంజయ్యది రాత్రి డ్యూటీ, పొద్దున నిద్ర.

"పట్టుకో టీచరమ్మా, కరవదు" అంది.

నాకేం బుద్ధి పుట్టిందో, పట్టుకున్నాను. స్కూలుకు పోయేముందు రోజూ మోకాళ్లదాకా చీర ఎగగట్టి చెరువులో దిగడం, బడి పిల్లలు గట్టు మీద నిలబడి కిసుక్కుమనడం. పట్టా కొస మాత్రమే పట్టుకునేదాన్ని, కుక్కను ముట్టుకునేదాన్ని కాదు. మధ్యలో గోనె ఉందన్నదే నా ధైర్యం. చేతులు పీకేవి. ఆగమ్మ నా కంటే ఇరవై ఏళ్లు పెద్దది, ఒక్కనాడూ అబ్బా అనలేదు. నీళ్లలో కుక్క చెవి దగ్గర వంగి ఏదో చెబుతూ నడిపించేది. వానాకాలం అలాగే గడిచింది. చర్మం మీద నూగు లేచింది, మెడ పుండు మానింది. కాళ్లు మాత్రం రాలేదు.

చలి మొదలయ్యాక ఒకనాడు చెరువులో ఉన్నట్టుండి నా చేతులు తేలికయ్యాయి. పట్టా జారవిడిచానేమో అనుకున్నాను. చూస్తే పట్టా నా చేతిలోనే ఉంది, బరువే లేదు. ఆగమ్మ నా వైపు చూసింది. ఇద్దరం మెల్లగా పట్టా కిందికి దించాం. కుక్క తన కాళ్ల మీద నిలబడి ఉంది. ఒక అడుగు, ఇంకో అడుగు వేసుకుంటూ ఒడ్డుకెక్కి, ఒళ్లు విదిలించి మా ఇద్దరినీ తడిపేసింది. అది ఇంత పెద్దదని అన్నాళ్లూ నాకు తెలియనే లేదు. పడుకున్నదాన్నే చూశాను. ఎండలో నిలబడి తల ఎత్తేసరికి చెరువుగట్టు మీద మాటలన్నీ ఆగిపోయాయి. ఎన్నో ఏళ్లుగా చర్చిలో అలవాటుగా స్తోత్రం అనేదాన్ని. ఆ పొద్దున నేను అనకుండానే నా నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"నడువు పెద్దోడా" అంది ఆగమ్మ.

"పేరు పెట్టినవా?"

"పేరు కాదు, ఊకె పిలుసుడు" అని మొహం తిప్పుకుంది.

జొన్నకోతలు అయ్యేసరికి పెద్దోడు పరుగెత్తాడు. కోసిన చేలో మోళ్ల మీదుగా ఆ పరుగు చూడడానికి కార్ఖానా షిఫ్టు దిగిన కూలీలు కూడా రోడ్డు మీద నిలబడేవాళ్లు. అంత దేహం, ఒక్క అడుగు చప్పుడు లేదు. ఇంత సొగసును గుంజకు కట్టేసి ఎలా మరిచిపోయారని నాకు కోపం, ఆశ్చర్యం రెండూ ఒకేసారి వచ్చేవి. ఆగమ్మ చేటలో జొన్నలు చెరుగుతూ చూసేది. చెరగడం మరిచిపోయేది.

అరుణాదేవి బొంబాయి నుంచి వచ్చిందన్న కబురు అంజయ్యే తెచ్చాడు. వచ్చీ రాగానే కుక్కేదని అడిగిందట. ఆ సాయంత్రమే జీపు మా వాకిట్లో ఆగింది.

"నీ రెండో గడప ఒచ్చింది సూడు" అన్నాను కచ్చగా. "అప్పుడు పూరాగ ఇస్తుంటే తీసుకోకపోతివి."

ఆగమ్మ చేతిలో చెంబు కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

అరుణాదేవి జీపు దిగింది. సన్నటి మనిషి, చంకలో బిడ్డ. పెద్దోడు ఒక్క క్షణం గాలి వాసన చూశాడు. తర్వాత మేమెవరం ఎన్నడూ వినని గొంతుతో, చిన్నపిల్ల మూలిగినట్టు మూలుగుతూ వెళ్లి ఆమె కాళ్ల మీద తల వాల్చాడు. ఆమె బిడ్డను భర్త చేతిలో పెట్టి, మట్టిలోనే కూర్చుని, ఆ తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. గుంజ సంగతి ఆమెకు తెలియదట. బాగానే ఉందని చెబుతూ వచ్చాడట ఆయన. ఆమెను తిట్టుకుందామని కాచుకుని ఉన్నాను, నా దగ్గర తిట్టు లేకుండా పోయింది.

ఆగమ్మ అదంతా చూసింది. "ఆమెదే. తోలుకపోనియ్యి" అంది మెల్లగా.

కాశీనాథ్ తలదించుకుని, "నీ ఆధా ఏం కావాలో చెప్పు ఆగమ్మా. ఎంతయినా ఇస్త" అన్నాడు. ఆమె బదులు చెప్పేలోపే, జీపు ఎక్కించాలి కదా అని అంజయ్య, పాపం అలవాటు మనిషి, మూలనున్న గొలుసు తీసుకొచ్చాడు. ఇనుము గల్లుమంది. అంతెత్తు కుక్క వెనకకాళ్లు వణికి, అరుణాదేవి ఒళ్లోంచి జారి, నేలకు కరుచుకుపోయింది.

ఆగమ్మ వెళ్లి అంజయ్య చేతిలోంచి గొలుసు లాక్కుంది. దూలం మీది తాళ్ల పక్కన తగిలించింది. వెనక్కి వచ్చి కుక్క పక్కన కూర్చుని, రెండు చేతులూ దాని మెడ చుట్టూ వేసింది.

"నా సగం అడిగినవు గద సాబ్. ఇగో, ఈ మెడ నాది. కాళ్లు, కడుపు, తోక, మొకం అన్నీ మీయే. మెడ మాత్రం నా పాలు. నా దాని మీద మీరు ఏం కట్టద్దు. కొత్తది గూడ కొనద్దు."

అంజయ్య హిందీలో చెప్పబోయాడు. చెప్పాల్సిన పని లేకపోయింది. అరుణాదేవి ఆగమ్మ చేతుల మీద తన చేయి వేసి తల ఊపింది. మెడ బోసిగానే పెద్దోడు ఆమె వెంట జీపెక్కాడు. జీపు రోడ్డెక్కేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

నేను నా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఒక ముసలిదానికి జీవితంలో ఒక్కటంటే ఒక్కటి నిండుగా దొరికితే ఏం పోయేదని దేవుడితో పోట్లాడాను.

తెల్లారి వాకిలి ఊడుస్తున్నాను. రోడ్డు మలుపు దగ్గర బిందెల ఆడవాళ్లు పక్కకు తప్పుకోవడం కనిపించింది. వాళ్ల మధ్యలోంచి నిదానంగా, తన ఇంటికి తాను వస్తున్నట్టు పెద్దోడు నడిచి వస్తున్నాడు. వెనక ఎవరూ లేరు. మెడలో ఏమీ లేదు. సరాసరి కొట్టంలోకి వెళ్లి తన గోనె మీద పడుకున్నాడు. పొద్దుగూకాక లేచి బంగళాకు వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. అటుపై ప్రతి రోజూ అంతే. పగలు ఇక్కడ, రాత్రి అక్కడ. పంచమని వాడికి ఎవరు చెప్పారు?

ఆ మొదటి పొద్దున ఆగమ్మ రొట్టె కొడుతోంది. కుక్కను చూసి పిండి చేతులతోనే లేచి నిలబడింది. "అంత పెద్దింట్ల తిండికి కరువొచ్చిందారా నీకు?" అని గద్దించి, అంతలోనే కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అన్ని తాళ్లు విప్పిన మనిషి ఏడవడం చూడడం నాకు అదే మొదలు.

ఆమె కళ్లు తుడుచుకునేదాకా ఏం చేయాలో తోచక, చీపురు అవతల పెట్టి నేను కుక్క పక్కన కూర్చున్నాను. చేయి చాపాను. ఈసారి మధ్యలో గోనె లేదు. పుండు ఉన్న చోట మెత్తగా కొత్త వెంట్రుకలు మొలిచి ఉన్నాయి. ఆగమ్మ సగం నా అరచేతి కింద వెచ్చగా తగిలింది.