చేటెడు తవుడు

వడ్డాది దాటాక చెరుకు ట్రాక్టరొకటి రోడ్డుకు అడ్డంగా దిగబడింది. మా షేర్ ఆటో ఆగిపోయింది. ఇలా దారిలో చిక్కుకుపోవడం నాకిష్టమే. నలభై ఏళ్ల తిరుగుడులో మంచి మనుషులంతా ఇలాంటి చోట్లే దొరికారు. పక్కనున్న ముసలామె మాత్రం క్షణానికోసారి తల బయటపెట్టి చూస్తోంది.

"పదిన్నరకి సోడారం కోర్టులో ఉండాల బాబూ. నడిసెళ్లిపోతే ఎంతసేపు?"

"చోడవరానికా? రెండు గంటలు."

"అయితే కూకుంతాను," అంటూ నా చేతిలో పుస్తకం చూసి, సంచిలోంచి కాగితం తీసింది. "సదువుకున్నోరిలాగున్నారు. ఇందల ఏటి రాసేరో సెప్పండి."

ఆమె పేరు అప్పలనరసమ్మ. కొడుకు సత్యారావు రెండేళ్ల కిందట లారీ కింద పడి పోయాడు. కోడలు అశ్విని రెండేళ్ల కూతుర్ని తీసుకుని చీడికాడలో పుట్టింటికి వెళ్లిపోయింది. అంతే, మళ్లీ పిల్లను చూపించలేదు. మనవరాలిని చూసే హక్కు నాయనమ్మకుందని చట్టంలో విడిగా రాసి లేదు; పిల్ల మేలు చూసి కోర్టు ఇస్తే ఇచ్చినట్టు. నెలకొక గంట చూడనివ్వమని ఆమె అర్జీ పెట్టుకుంది. ఆ కాగితం కోడలి తరఫువాళ్ల జవాబు.

చదివి వినిపించాను. పిల్లను తవుడిచ్చి కొనుక్కున్నానని కిందటి వాయిదాలో అర్జీదారే ఒప్పుకున్నదట. పిల్లను సరుకులా చూసే మనిషికి చూపించడం క్షేమం కాదట.

"కొన్నాను కదేటి!" అంది. "ఆ పిల్లతో నీకేటి సంబంధమని జడ్జీగారడిగితే అదే సెప్పేను. నా పిల్ల, నా గుంట, నాను కొనుక్కున్నానని."

ఈ వైపు ఓటర్ల జాబితా ఏది తిరగేసినా తవిటయ్యలు, తవిటమ్మలు కనబడతారు. పుట్టిన బిడ్డలు పోతూంటే, తర్వాతి బిడ్డను చేటలో పెట్టి తవుడుకి అమ్మేస్తారు. అంత చవక బిడ్డ జోలికి చావు రాదని నమ్మకం. మా పెద్దమేనమామ అలా అమ్ముడుపోయి ఎనభై మూడేళ్లు బతికాడు. ఎవరు తిట్టినా, "నా ఖరీదు తవుడేరా, ఇంకేం తగ్గిస్తావ్!" అని నవ్వేవాడు.

"అశ్వినికి ముందు ఇద్దరు గుంటలు పురిట్లోనే పోయేరు. ఇది పుడితే తనే సేటలో ఎట్టి నాకిచ్చింది. 'నీదే అత్తా, అట్టుకుపో' అని ఏడిసింది. ఇప్పుడిలా రాయించిందా!"

కాగితం దాస్తుంటే సంచిలో పువ్వుల గౌను కనబడింది. "నాలుగేళ్లొచ్చేయి. సరిపోద్దంటారా?"

రెండేళ్ల పిల్ల కొలత అది. సరిపోతుందన్నాను.

ట్రాక్టరును పక్కకి లాగాక మేం చోడవరం చేరేసరికి పదకొండు. ఆమె వెంట నేనూ కోర్టుకి నడిచాను. వరండాలో ఆమె లాయరు గౌరీశంకర్ ఎదురొచ్చాడు.

"ఎక్కడున్నావు మామ్మా! ఇప్పుడే పిలుస్తారు. విను, కొన్లేదని సెప్పు. ఆవేళ తెలీక అనేసేనని సెప్పు. అంతే, నెలకి గంట నీది."

"ఆచారమని చెప్పకూడదా?" అన్నాను.

"తమరెవరండీ? ఆచారమంటే మూఢనమ్మకమంటారు. అటు లాయరు దానికోసమే కాసుక్కూచున్నాడు."

అప్పలనరసమ్మ గోడ పట్టుకుంది. "కొన్లేదంటే... మరి గుంట?"

"గుంటకేటవుద్ది?"

"ఆ ఇద్దరికీ ఏటయ్యింది బాబూ? నాను కొన్నాననే కదా ఇది బతికింది. కొన్లేదని నా నోటితో, కోర్టులో..."

వరండా చివర అశ్విని నిలబడి ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని, రెండు పిలకల పిల్ల వేరుశనగలు నములుతూ మా వైపు చూసింది. గుర్తుపట్టిన చూపు కాదు. ముసలామె ఒక అడుగు వేసి ఆగిపోయింది.

"ఎదిగిపోయింది," అంది నాతో. "సరిపోద్దన్నారు."

బంట్రోతు ఆమె పేరు పిలిచాడు. "పద, పద!" అంటూ గౌరీశంకర్ లోపలికి నడిచాడు. రెండో పిలుపుకి ఆమె గౌను తీసి నా పుస్తకం మీద పెట్టింది. నేనేదో అనబోయేలోపే మెట్లు దిగింది. మూడోసారి పిలిచేటప్పటికి గేటు దాటి, వడ్డాది రోడ్డు మీద నడుస్తోంది.