బదులు దొరికే ఇంజను

డెబ్బైల మొదట్లో నేను బొంబాయిలో ఒక విమాన సంస్థ ఇంజను విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుని. మేం కొనబోయే వైడ్‌బాడీ విమానాలకు, అంటే సీట్ల మధ్య రెండు నడవలుండే పెద్ద విమానాలకు, ఏ ఇంజను మేలో పరిశీలించి నోట్ రాసే పని నాకు అప్పగించారు. విమానం ఒకరు చేస్తారు, ఇంజను వేరొకరు చేస్తారు. మేం కొనే విమానానికి రెండు కంపెనీల ఇంజన్లూ అమరుతాయి. కానీ ఇంజనును రెక్కకు వేలాడదీసే భాగం ఎంచుకున్నదానికి తగ్గట్టే వస్తుంది కాబట్టి, తర్వాత మనసు మార్చుకుంటే కుదరదు.

రెండిట్లో ఒకటి ఇంధనం తక్కువ తాగుతుంది. దాన్నే సిఫారసు చేస్తూ చిత్తుప్రతి రాశాను. చీఫ్ ఇంజనీరుగారి మొగ్గూ అటే. సంతకాలయ్యేలోగా వారం సెలవు పెట్టి మా ఊరు ప్రొద్దుటూరు వచ్చాను.

జమ్మలమడుగులో మా మేనమామకు పత్తి మిల్లుండేది. బస్సు దిగేసరికి దాని చప్పుడు వినిపిస్తే చిన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చేది. ఈసారి మామను చూడ్డానికి వెళ్లి బస్సు దిగితే చప్పుడు లేదు. పులివెందుల వైపు నుంచి వచ్చిన పత్తి బండ్లు మిల్లు ముందు ఆగకుండా ప్రొద్దుటూరు దారి పట్టాయి.

ఆ మిల్లు ఆయిల్ ఇంజను ముందటేడు ఎంపిక చేసింది నేనే. చుట్టుపక్కల అందరూ వాడే రకం వద్దని, డీజిలు తక్కువ తాగేదాన్ని మద్రాసు నుంచి తెప్పించాను. దాని డీజిలు పంపు పాడై పది రోజులైంది, మద్రాసు నుంచి కొత్తది ఇంకా రాలేదు. పక్క మిల్లులో అడగలేదా అన్నాను.

"ఏమని అడగాలప్పా? వాళ్ల పంపు దీనికి పట్టదు. ఇంజను శానా మంచిదే. దీనికి బదులే యాడా దొరకదు," అన్నాడు మామ.

మా వైపు బదులంటే జవాబు కాదు. కాఫీపొడి అయిపోతే పక్కింట్లో తెచ్చుకుని తర్వాత తిరిగిచ్చేది. మిల్లువాళ్లు బెల్టులూ బేరింగులూ పంపులూ అలాగే ఇచ్చిపుచ్చుకునేవారు, ఎంత పోటీ ఉన్నా సరే. నేను పుట్టిపెరిగిన పద్ధతే అది. చదువుకున్నాక నా లెక్కల్లో దానికి చోటు లేకపోయింది. మామ ముఖం చూడలేకపోయాను.

బొంబాయి చేరగానే మా విమానాలు ఆగే విదేశీ ఎయిర్‌పోర్టుల్లోని మా ఆఫీసులకు టెలెక్స్ పంపి, అక్కడ దిగే ఇతర విమాన సంస్థలు ఏ ఇంజను వాడుతున్నాయో అడిగాను. పరాయిచోట ఇంజను చెడితే సంస్థలు ఒకదానికొకటి స్పేరు ఇంజను ఇచ్చుకుంటాయి. దాన్ని మేం పూల్ అంటాం. ఎక్కువమంది వాడేది నేను కాదన్న ఇంజనే. నోట్ తిరగరాశాను.

"మొన్నటిదాకా ఇంధనం, ఇంధనం అన్నావు. ఊరెళ్లొచ్చి మాట మారుస్తావేమిటయ్యా?" అని చీఫ్‌గారు కోప్పడ్డారు. తన సంతకం పెట్టనన్నారు. నోట్ నా ఒక్కడి పేరు మీదే కొనుగోలు కమిటీకి వెళ్లింది. నా మాట తప్పయితే ప్రమోషన్ సంగతి మరిచిపోవాల్సిందే. కమిటీ ఒప్పుకుంది. తర్వాత రోములో మా విమానం ఇంజను చెడినప్పుడు, వేరే సంస్థ స్పేరు ఇంజను ఇస్తే మర్నాడే బయల్దేరింది.

ఇంజను నడిచే రోజుల సంగతి అమ్మేవాడు చెబుతాడు. ఆగే రోజు సంగతి కొనేవాడే చూసుకోవాలి. అది నేర్చుకోవడానికి నాకు నాలుగు పేజీల నోట్ తిరగరాయడంతో సరిపోయింది. మామకు ఆ సీజన్ పత్తంతా పోయింది.