నూకరత్నానికీ ఈగలకూ

చేపలమ్మే నూకరత్నం కుడిచేయి తూకం వేస్తుంటే ఎడమచేయి విసనకర్ర ఆడిస్తుంది, నోరు ఈగల్ని తిడుతుంది. మామూలు నల్ల ఈగల్ని ఆమె లెక్కచేయదు. కోపమంతా ఎర్ర కళ్లు, మెరిసే పచ్చటి ఒళ్లు ఉన్న పెద్ద ఈగల మీదే. తన చిన్నతనంలో ఇవి లేవంటుంది. ఎండెక్కగానే దిగుతాయి, చేప మొప్ప వెతుక్కుని తెల్లటి గుడ్లు పెట్టేసి పోతాయి. చోడవరంలో తనుండే వీధిలో ఒక్కటీ లేదనీ, అమ్మకానికి వెళ్లే వడ్డాది సంతలో ఉన్నాయనీ, రోలుగుంటలో మరీ ఎక్కువనీ కొనేవాళ్లను నిలబెట్టి మరీ చెబుతుంది.

మొన్న రోలుగుంటలో షేర్ ఆటో దిగుతూనే మొదలెట్టింది. "ఏటి ఊరే బాబూ ఇది. పెంట ఊడ్సుకోడం సేతకాదు గానీ సేపలు కావాల."

తిడుతూనే కవళ్ల చేపల తట్ట మీది తడి గోనె ఎత్తింది. లోపల్నుంచి పచ్చ ఈగలు గుంపుగా లేచాయి.

పక్కన పనసతొనలు అమ్ముకునే దుర్గాదేవి చూసింది. "ఇయి నీతోటే ఆటో దిగేయి పిన్నీ," అంది.

నూకరత్నం ముఖం కందగడ్డయింది. "దిగితే దిగేయి. మా సోడవరం ఈగ మా సేప మీదే వాల్తాది. మీ ఊరి ఈగలాగ కనపడ్డ సరుకల్లా ఎంగిలి సెయ్యదు."

మాట పూర్తవకుండానే ఒక ఈగ కవళ్ల మీంచి లేచి, తాపీగా వెళ్లి పనసతొన మీద వాలింది. నూకరత్నం విసనకర్ర ఎత్తింది. కొట్టలేదు, దించనూ లేదు.