పెరటాశి పట్టిన పాము

మా ఇంట్లో నా మాట వినే ప్రాణి ఒక్కటే. దానికి చెవులు లేవు.

బాల్ పైథాన్ అంటారు దాన్ని. మన దేశపు పాము కాదు, విషం లేదు, అటవీశాఖ కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో మా ఆయనతో పనిచేసే ఒకాయనకు వేరే రాష్ట్రానికి బదిలీ అయితే, ఆయన పాము తిరుపతిలో మా ఇంటికి బదిలీ అయింది. ముద్దు మా ఆయనది, చాకిరీ నాది. షిఫ్టు నుంచి వచ్చి దాన్ని మెడలో వేసుకుని ఒక సెల్ఫీ దిగి పడుకుంటాడు. గాజుపెట్టె తుడవడం, నీళ్లగిన్నె మార్చడం, అడుగున వెచ్చదనం తగ్గకుండా చూడడం, వారానికోసారి ఎలుకను పెట్టడం నా వంతు.

ఎలుక అంటే గడ్డకట్టినది, ప్యాకెట్‌లో వస్తుంది. వేడినీళ్లలో వెచ్చబెట్టి, పట్టకారుతో పట్టుకుని, పాము మూతి ముందు బతికున్నదానిలా ఆడించాలి. చపాతీలు కాల్చే పట్టకారు కాదు, వేరేది. ఈ సంగతి చుట్టాలందరికీ ఒట్టేసి చెప్పాల్సి వచ్చింది.

మొదట్లో నాకూ ఒళ్లు జలదరించేది. ఒకరోజు బీరకాయలు తరుగుతుంటే, అది దాక్కునే పగిలిన కుండలోంచి తల బయటపెట్టి చాలాసేపు నన్నే చూసింది. పెళ్లయినప్పటి నుంచి నేను వంట చేస్తుంటే అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఎవరూ లేరు. అప్పటినుంచి దాని మీద నాకు ప్రేమే. చెప్పుకోవడానికి సిగ్గేముంది?

అంతలో పెరటాశి వచ్చింది, వెనకాలే చిత్తూరు నుంచి మా అత్త వచ్చింది. పెరటాశి మా వైపు ఏడుకొండలవాడి నెల. మామూలుగా కోడి కోయందే ఆదివారం గడవని మా జనం, ఆ నెలంతా గుడ్డు కనిపించినా మొహం తిప్పుకుంటారు. శనివారాలు నామం పెట్టుకుని తళిగ వేస్తారు. అంటే వండినవన్నీ అరిటాకులో సామి ముందు పెట్టి, ఆయన తిన్నాక మనం తింటాం. నేనొక్కదాన్నే తళిగ వేస్తే సామికి అరగదని మా అత్త అనుమానం. అందుకే ఏటా వస్తుంది.

వచ్చీ రాగానే చల్లటి నీళ్ల కోసమని ఫ్రిజ్‌లో పైఅర తెరిచింది. ఆ కేకకు ఎదురింటి ఆంటీ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

"పెరటాశిలో ఇంట్లో ఎలకల మాంసమా! ఆ పామన్నా ఉండాల, నేనన్నా ఉండాల!" అంది అత్త. మా ఆయన చెప్పుల్లో కాళ్లు దూర్చి షిఫ్టుకు తప్పించుకున్నాడు.

ఆంటీ ఆదివారం చర్చికి పోయే మనిషి. "మాకు పెరటాశి యాడుండాది పాపా? మా ఫ్రిజ్జులో పెట్టు. ప్యాకెట్ మీద మాత్రం రాసిపెట్టు, లేకుంటే మా ఆయన రొయ్యలనుకుంటాడు," అంది.

అత్త గుడికి పోయిన పూట ఒక ఎలుకను తెచ్చి పెట్టబోయాను. పాము మొహం తిప్పుకుంది. మళ్లీ ఆడించాను, మళ్లీ తిప్పుకుంది. వెనక్కి చూస్తే అత్త గుమ్మంలో నిలబడి ఉంది. నా పని అయిపోయిందనుకున్నాను.

"సూసినావా మే! ముట్టలేదు. దానికీ పెరటాశి పట్టింది!" అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

ఆ రోజు నుంచి పాముకు యోగం పట్టింది. గాజుపెట్టెకు నామం, పొద్దున సాంబ్రాణి, గంట. వీధిలో ఆడవాళ్లు పూలు పట్టుకుని దర్శనానికి వచ్చారు. "నోరులేని పురుగు నిష్ఠగా ఉండాది. నువ్వు వస్తా వస్తా నాయుడుపేటలో దిగి బిర్యానీ తినొస్తావు," అని అత్త కొడుకును కడిగేసింది. ఆమెకెవరు చెప్పారో తెలీదు, బహుశా చొక్కా చెప్పి ఉంటుంది.

పాము ఉండిపోయిందని సంబరపడ్డాను. కానీ అది ఎన్నిసార్లు పెట్టినా తినలేదు. వెన్నెముక పైకి తేలసాగింది. డాక్టర్‌కు ఫోన్ చేస్తే, ఈ జాతి అప్పుడప్పుడూ తిండి మానేస్తుందనీ, కానీ ఇంతగా చిక్కితే మంచిది కాదనీ, ముందు పొగా చప్పుడూ ఆపమనీ అన్నాడు. నాకు ఆయాసమని అబద్ధమాడి సాంబ్రాణి మాన్పించాను. జనం చప్పుడు తగలకుండా పెట్టెను మధ్యగదిలోకి మార్చాను. అది తింటే అత్త దాన్ని ఇంట్లోంచి పంపేస్తుంది, తినకపోతే అదే లోకంలోంచి పోతుంది. అందరూ దాని భక్తిని పొగుడుతుంటే నేను దాని వెన్నెముక వైపే చూసేదాన్ని.

ఒక శనివారం తళిగ అయ్యాక అత్త నడుం వాల్చింది. ఆంటీకి పులిహోర ఇచ్చి, అదే గిన్నెలో ఎలుకను తెచ్చుకున్నాను. వేడినీళ్లలో వేశానో లేదో, వెనక నుంచి, "ఏందది?" అన్న మాట వినిపించింది.

అబద్ధం నోటికి రాలేదు. "ఎలక, అత్తా. పాముకు నిష్ఠా లేదు, పాడూ లేదు. బాగలేదు. తినకుంటే చచ్చిపోతాది," అన్నాను. పాము కోసం ఏడుస్తానని ఎప్పుడూ అనుకోలేదు. ఏడ్చాను.

అత్త మధ్యగదిలోకి పోయి పెట్టెలోకి చాలాసేపు చూసింది.

"మీ మామకూ ఇట్లే ఎముకలు తేలినాయి. పెరటాశిలో కోడిరసం అడిగినాడు. నెల పోనీ, పెడతానంటిని. నెల కంటే ముందు ఆయనే పోయినాడు," అంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట నేను వినలేదు. మా ఆయనకు కూడా తెలుసో లేదో.

ఆమె తీగ మీది తువ్వాలు తీసి సామి పటం మీద కప్పింది. కొంగుతో గాజు మీది నామం తుడిచింది. "సామికి నేను సెప్పుకుంటా. నువ్వు పెట్టు," అని గోడ వైపు తిరిగి నిలబడింది.

ఎలుకను ఆడించాను. పాము కుండలోంచి తల బయటపెట్టింది. నాలుక ఆడించింది. మెడ వెనక్కి మడిచింది. నేను ఊపిరి బిగబట్టేలోపే ఎలుకను లాక్కుని చుట్టేసింది.

"తినిందా?"

"తింటా ఉండాదత్తా."

అత్త ఇటు తిరగలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇంగోటి అడిగితే పెట్టు," అంది. "అడిగితే లేదనద్దు."