లైటు పట్టే మనిషి

నేను తుపాకి కొనాలనుకున్నది వేట సరదాతో కాదు, పంట కోసం. ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తుపాకి అనగానే మా ఊళ్ళో సగం మందికి నోరూరుతుంది. మా నాయన రోజుల్లో సత్యవేడు పక్క గుట్టల్లో కుందేళ్ళనూ కముజు పిట్టలనూ కొట్టి సాయంత్రానికి కూర చేసుకునేవాళ్ళు. ఇప్పుడు కుందేలు మీద గురిపెడితే జైలుకే. అడవి పందులు వేరుశెనగ చేలల్లో పడి మరీ నాశనం చేస్తున్నప్పుడు మాత్రం, పంట కాపలాకు లైసెన్సు ఉన్నవాళ్ళు అటవీ శాఖ అనుమతితో కాల్చుకోవచ్చు. నాకు ఆ లైసెన్సు ఉంది. మా నాయన వాడిన రెండు గొట్టాల తుపాకి కూడా ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్లో అప్పగించడం, అయిపోయాక వెళ్ళి తెచ్చుకోవడం. అలా తెచ్చుకున్నప్పుడు ఒకసారి బాగుచేసే ఆయనకు చూపిస్తే, గొట్టాలు పలచబడ్డాయి, ఇంక కాల్చితే నీ మొహమే పోతుంది అని చెప్పేశాడు.

పందిని కొట్టడం ఒక్కరి పని కాదు. ఒకరు తుపాకి పట్టాలి, ఒకరు లైటు పట్టాలి. చీకట్లో లైటు కళ్ళలో పడగానే పంది కాసేపు కదలకుండా నిలబడుతుంది. కాల్చాలంటే అప్పుడే. మా ఊళ్ళో బావా బామ్మర్దులు ఈ పనికి జతగా పోతారు. నాకు మాత్రం లైటు మా ఆవిడే పట్టేది. నా వెనక నిలబడి, ఎడమ భుజం మీదుగా చెయ్యి చాచి పట్టేది. నేను ఆమెకు చోటిచ్చి తల కొంచెం కుడివైపు వంచేవాణ్ణి. పెళ్ళాన్ని వెంటేసుకుని పందుల మీదికి పోయే మొగుణ్ణి ఎక్కడా చూడలేదని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. మీ మొగుళ్ళు తాగి పడిపోతే ఎత్తుకు రావడానికి బామ్మర్దులు కావాలి, మా ఆయనకు ఆ కర్మ లేదులే అని ఆమె వాళ్ళ నోళ్ళు మూయించేది.

అన్నిట్లోనూ చురుకైన మనిషే గానీ లైటు దగ్గర మాత్రం ఆమెను నమ్మడానికి లేదు. ఒకరోజు రాయిలా పట్టేది. ఇంకోరోజు సరిగ్గా నేను గురి చూడబోయే ముందు లైటు పక్కనున్న చెరుకు తోట మీదికి పోయేది. పందులు చెల్లాచెదురు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికి వచ్చేదాకా తిడుతూనే ఉండేవాణ్ణి. ఆమె టవలు తల మీద కప్పుకుని నా వెనకాలే నడుస్తూ ప్రతిసారీ ఒకే మాట అనేది.

"చెయ్యి జారిపాయ. ఏం చేసేది?"

రెండేళ్ళ కిందట జ్వరం అని తిరుపతి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. వారం తిరక్కుండానే పోయింది. మాకు పిల్లల్లేరు. ఆ తర్వాత ఊరంతా నాకు పెద్దమనుషులైపోయారు. చేను కౌలుకిచ్చెయ్యి, హాయిగా కూర్చో అని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. నేను ఎవరి మాటా చెవిన పెట్టలేదు. పోయిన కారు వేరుశెనగ వేస్తే సగం పందులే తిన్నాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టాను, టపాకాయలు పేల్చాను, అవి లెక్క చెయ్యలేదు. ఈసారి కూడా పంట పోతే నేనే ఓడిపోయినట్టు, కౌలుకివ్వక తప్పదు. ఇస్తే పొద్దున లేచి నేను వెళ్ళడానికి చోటే ఉండదు. ఇంట్లో గోడలకేసి చూస్తూ కూర్చోవాలి. అన్నిటికంటే నాకు దాని భయమే ఎక్కువ.

అందుకని పంపు తుపాకి మీద మనసు పడింది. గొట్టం కింద ఉన్న పట్టును వెనక్కి లాగి ముందుకు తోస్తే కాల్చిన తూటా డొల్ల బయట పడుతుంది, కొత్తది లోపలికి పోతుంది. పాతదానిలా మళ్ళీ మళ్ళీ తుపాకిని మధ్యకు మడిచి తూటాలు పెట్టే పని లేదు. ఫోన్లో వాటి వీడియోలు చూసీ చూసీ, బాతుల్ని కొట్టే తెల్లదొరలందరూ నాకు చుట్టాలైపోయారు. మాట్లాడే మనిషి లేని ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా వాళ్ళే తోడు.

ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి తిరుపతిలో తుపాకుల అంగడికి వెళ్ళాను. అంగడాయన పెద్దవాడు, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయి ఉంది. లైసెన్సు కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి, ఖాళీ తుపాకులు మూడు గాజు బల్ల మీద పెట్టాడు. మొదటిదాని గొట్టం మరీ పొడుగు. గట్టు మీద తిరిగితే చెరుకు ఆకులకు తగులుకుంటుంది. రెండోది పొట్టిది, నల్లటి ప్లాస్టిక్ పిడి. బ్యాంకు ముందు నిలబడే వాచ్‌మన్‌కు బాగుంటుంది గానీ నాకు పట్టుకోవడానికే నామోషీగా అనిపించింది. మూడోది కర్ర పిడిది. చేతిలోకి తీసుకుంటే బరువు ముందుకూ వెనక్కూ పోకుండా రెండు చేతుల మధ్య నిలిచింది. పిడి భుజంలో బాగా కుదిరింది. పట్టును సగం లాగి వదిలేస్తుంటే ఆయన వద్దన్నాడు. పూర్తిగా లాగాలట, లేకపోతే తూటా లోపల ఇరుక్కుంటుందట. నాలుగైదు సార్లు లాగి తోశాను. నాకే ముచ్చటేసింది. ఇంతకాలం ఎందుకు కొనుక్కోలేదా అనుకున్నాను.

గోడ మీద క్యాలెండరును గురి చూడమన్నాడు. చూశాను. ఆయన పక్కకు వచ్చి నిలబడి కాసేపు నన్నే చూశాడు.

"తల ఎందుకు సార్ కుడిపక్కకి వంచతా ఉండారు? నేరుగా పెట్టుకోండి."

సర్దుకున్నాను. తుపాకి మళ్ళీ ఎత్తితే తల మళ్ళీ అటే వంగింది. పాత అలవాటు, లైటు పట్టే మనిషికి చోటు వదులుతున్నాను అని చెప్పాను. ఇప్పుడు ఎవరు పడతారు అని ఆయన మామూలుగానే అడిగాడు. ఎవరూ లేరన్నాను. ఆయన సొరుగులోంచి చిన్న టార్చీ ఒకటి తీసి, గొట్టం కింద బిగించి, మీట నొక్కి చూపించాడు. క్యాలెండరు మీద తెల్లటి వెలుగు గుండ్రంగా పడింది.

"దీంతో ఒక మనిషి చాలు సార్. రెండో మనిషితో పన్లేదు."

ఆయన వ్యాపారం ఆయనది, తప్పేమీ అనలేదు. కానీ నాకు ఆ అంగట్లో నిలబడి ఏడుపొచ్చింది. నా కళ్ళజోడు తుడుచుకునే వంకతో బయటికి వెళ్ళి, రోడ్డు మీద పోయే బస్సులు చూస్తూ కాసేపు నిలబడ్డాను. తర్వాత లోపలికి వచ్చి ఆ కర్ర పిడి తుపాకే, టార్చీతో సహా ఇమ్మన్నాను. ఒంటిమనిషి తుపాకి ఒంటిమనిషికే కదా అమ్మాలి.

తుపాకి లైసెన్సులో ఎక్కించుకోవడం, పందుల్ని కాల్చడానికి అనుమతి తెచ్చుకోవడం అయ్యేసరికి కాయలు ఊరుతున్నాయి. ఒకరోజు పొద్దుగూకాక గట్టు మీద కూర్చున్నాను. ఎక్కువసేపు పట్టలేదు. చెరుకు తోట వైపు నుంచి అడుగుల చప్పుడు వినపడింది, దాని వెనక సన్నటి కీచు గొంతులు. ఆ కీచు గొంతులు నేను ఎరగనివి కావు, ఇదివరకూ విన్నవే. తుపాకి ఎత్తి టార్చీ మీట నొక్కాను.

వెలుగులో ఆడపంది నిలబడి ఉంది. దాని కాళ్ళ చుట్టూ పిల్లలు, ఇంకా ఒంటి మీద చారలు పోనివి. ఒకటి తల్లి పొట్ట కిందికి దూరాలని చూస్తోంది.

నేను ఇన్నేళ్ళలో పంది పిల్లల్ని చేలో చూడటం అదే మొదటిసారి. ఎన్నోసార్లు వచ్చే ఉంటాయి. ఒంటిగా వచ్చే మగపంది ముందు మా ఆవిడ చెయ్యి ఒక్కనాడూ వణకలేదు. కీచు గొంతులు వినిపించిన రోజునే, నా కంట పడకముందే, లైటు చెరుకు తోట మీదికి పోయేది. ఇంటిదాకా నేను తిట్టిన తిట్లన్నీ టవలు కప్పుకుని వింటూ వచ్చేది.

ఆడపంది కదల్లేదు. వేలు ట్రిగ్గరు మీదే ఉంది. పంట నాది, అనుమతి ఉంది, తుపాకి కొత్తది. పక్కకు తిప్పడానికి ఇంకొకరి చెయ్యి మాత్రం లేదు. నేనే తిప్పాను. లైటుతోబాటు తుపాకి కూడా చెరుకు తోట వైపు తిరిగింది. చీకట్లో పందులు పరుగెత్తిన చప్పుడు గుట్ట దాకా వినిపించింది.

"చెయ్యి జారిపాయ" అన్నాను, పైకే.

తిట్టేవాళ్ళు ఎవరూ లేరు.